ఆయ్ పడని చోట

లస్కరు గారు పోయారన్న కబురు ఆయన నెంబరు నుంచే వచ్చింది. పొద్దున్న ఏడు గంటల వేళ, మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండే ముక్కలు. "మా మామయ్యగారు ఈ తెల్లవారుజామున కాలం చేశారు. అందరికీ తెలియజేస్తున్నాం." రాసింది ఆయన కోడలు. నేను పెరట్లో రాలిన కొబ్బరి మట్టలు ఏరుతున్నాను. మెసేజి చూడగానే ముందుగా నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇది ఎవరూ ఆయనకి చదివి వినిపించకుండానే గ్రూపులోకి వచ్చేసిందే, అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మట్టలు అక్కడే వదిలేసి అరుగు మీద కూర్చుండిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఇరిగేషన్ శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరయిన మనిషి. కాలువ గట్టు వెంట తిరుగుతూ, తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళ చేలకి వెళ్ళేలా చూసే ఉద్యోగం అది. ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయినా పిలుపు వదల్లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను ఒక్కసారి కూడా వినలేదు. సఖినేటిపల్లి రేవు నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో ఉండే మా చిన్న ఊళ్ళో ఆయన అందరికీ లస్కరు గారే. నేను మాత్రం ఎదురుగా ఉన్నప్పుడు బాబాయిగారూ అనేదాన్ని.

మనిషి పొట్టి. ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఫోనుని పాలిథీన్ కవర్లో పెట్టి, దానికి రబ్బరు బ్యాండు చుట్టి, జేబులో వేసుకునేవారు. ఎవరైనా ఫోన్ చేస్తే ఆ బ్యాండు తీసి, కవరు విప్పి, ఫోను బయటికి తీసేసరికి మోత ఆగిపోయేది. మళ్ళీ చేసేవాళ్ళం. రెండోసారి దొరికేవారు. ఇన్నాళ్ళు నీళ్ళల్లో తిరిగిన మనిషి, తడుస్తుందని భయం కాబోలు అనుకున్నాను. ఇప్పుడు మాత్రం, ఆ మొదటి మోత ఊరికే పోనిచ్చేది మన కోపం కొంచెం దిగడానికేమో అనిపిస్తోంది. ఆయన విషయంలో నాకు తెలిసినవాటికంటే ఇలా 'ఏమో' అనుకునేవే ఎక్కువ. నాకు పుట్టుకతో ఆరా ఎక్కువ. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, మన విషయాలు చెప్పవే, ఊరి విషయాలు తర్వాత, అంటారు.

ఆ గ్రూపు మొదట ఆయనది కాదు. వీధి దీపాలు, కుళాయి నీళ్ళు, రోడ్డు మీది గోతుల గురించి మాట్లాడుకుందామని ఊళ్ళో నలుగురు కలిసి పెట్టారు. మొదటి వారం బాగా నడిచింది. రెండో వారంలో, వెలగని ఒక దీపం గురించి మొదలైన మాట ఎవరి తాత ఎవరి సరిహద్దు గట్టు చెక్కి చేలో కలుపుకున్నాడన్న దాకా వెళ్ళింది. తిట్టుకుంటున్నవాళ్ళు ఎక్కడో లేరు, ఎదురెదురు ఇళ్ళవాళ్ళు. అరుగుల మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరికి కనబడుతుండగానే, తలలు దించుకుని టైపు చేసుకునేవారు. నేనూ తక్కువేం తినలేదు. రోడ్డు మీద వడ్లు ఆరబోసేవాళ్ళ గురించి నేను రాసిన ఒక మాటకి నాలుగు రోజులు సమాధానాలు వచ్చాయి.

రెండు కుటుంబాలు పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళి వచ్చాక గ్రూపు మూసేద్దామన్నారు కొందరు. మూసేస్తే మళ్ళీ కుళాయి సంగతి ఎవరికి చెప్పుకోవాలి అన్నారు ఇంకొందరు. అప్పుడు ఎవరో, లస్కరు గారికి అప్పజెబుదామన్నారు. ఊళ్ళో అన్ని వీధులవాళ్ళనీ సమానంగా మందలించిన మనిషి ఆయనొక్కరే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆయన ఒక్క షరతు పెట్టారు. గ్రూపులో రాయదలుచుకున్నవాళ్ళు రాసుకున్నది ముందు ఆయనకి ఫోన్ చేసి, స్వయంగా చదివి వినిపించాలి. ఆ తర్వాత ఆయన నెంబరుకి పంపితే ఆయన గ్రూపులో పెడతారు, రాసినవాళ్ళ పేరుతో. ఇదంతా ఎందుకండీ అంటే, "కళ్ళు ఆనవండి. ఆ చిన్న చిన్న అక్షరాలు నావల్ల కాదు. మీరే చదవండి, నేను వింటాను" అన్నారు. అడ్మిన్ తప్ప ఎవరూ పోస్టు చేయలేకుండా సెట్టింగు మార్చిపెట్టింది కోడలే.

మొదట్లో జనం నవ్వుకున్నారు. తర్వాత విసుక్కున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన పడుకునేవారు, ఫోన్ ఎత్తేవారు కాదు. కరెంటు పోయిందని రాసిన మెసేజి కరెంటు వచ్చాక గ్రూపులో కనబడేది. ఇదేం గ్రూపు, పోస్టాఫీసు నయం, అన్నాను నేనే ఒకసారి, ఆయన మొహం మీదే. "ఆయ్, నిజమేనండి" అన్నారు.

ఈ 'ఆయ్' గురించి బయటివాళ్ళకి చెప్పాలి. మా వైపు ఆయ్ అంటే అవును. సరేనన్నా అదే, వింటున్నాను కానివ్వండి అన్నా అదే. మనం ఫోన్లో మెసేజి చదువుతుంటే లస్కరు గారు వాక్యానికొక ఆయ్ అనేవారు. మా వీధి మలుపులో మురుగు రోడ్డు మీదికి వస్తోంది. ఆయ్. నెల రోజుల నుంచి చెబుతున్నాం. ఆయ్. బడికి వెళ్ళే పిల్లలు అందులోనే నడుస్తున్నారు. ఆయ్. అలా సాగుతూ సాగుతూ ఒకచోట ఆయ్ పడేది కాదు. ఫోన్ తెగిపోయిందేమో అనుకుని, ఉన్నారా అండీ అంటే, ఉన్నానండి అనేవారు. అంతే. వద్దని గానీ మార్చమని గానీ అనేవారు కాదు. మనం ఆ వాక్యం మళ్ళీ చదివేవాళ్ళం. మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి చదవబోతే, మన గొంతులో ఆ మాట మనకే వేరుగా వినబడేది. ఇంతకన్నా ఆయన చేసిందేమీ లేదు.

మా వీధిలో రిటైరయిన హెడ్ క్లర్కు గారొకాయన ఉన్నారు. ఆఫీసు భాషలో రాయడం ఆయనకి అలవాటు. కుళాయిలో నీళ్ళు రంగు మారి వస్తున్నాయని పంచాయతీ మీద పేజీడు రాశారు. మధ్యలో ఒక వాక్యం, ఫలానా ఇంటిపేరు వాళ్ళు పదవిలో ఉంటే ఇంతే అని. అక్కడ ఆయ్ పడలేదు. హెడ్ క్లర్కు గారు మొండి మనిషి, తప్పేముందని నిలదీశారట. అప్పుడు లస్కరు గారు అన్న మాట తర్వాత ఊరంతా తిరిగింది. "పనిని తిట్టండి, ఎంత కావాలంటే అంత తిట్టండి. ఇంటిపేరు జోలికెందుకండీ? ఆ ఇంటిపేరు వాళ్ళు మీ వీధిలో ఇంకో పది గడపలున్నారు. వాళ్ళూ ఆ కుళాయి నీళ్ళే తాగుతున్నారు." ఆ ఒక్క వాక్యం తీసేసి మిగతా పేజీ అంతా యథాతథంగా పెట్టారు. కోపం ఒక్క వీసమెత్తు తగ్గలేదు. నోళ్ళు మూయిస్తున్నాడని ఆయన్ని అన్నవాళ్ళు అంతకుముందు ఉన్నారు. అది చదివాక ఆ మాట అనడం మానేశారు.

నేను ఆయన మీద ప్రయోగాలు చేశాను. మర్యాదగా నడిచే మెసేజిలో పంచదార పూసిన పుల్ల ఒకటి దాచేదాన్ని. 'ఎంతో తీరిక ఉన్న మన పెద్దలు' అనేది అలాంటిదే. సరిగ్గా అక్కడే ఆయ్ ఆగిపోయేది. పట్టుకోగలరా లేదా అని చూద్దామని ఒకసారి గబగబా చదివేశాను. "మధ్యలో ఒక ముక్క మింగేసేరండి" అన్నారు.

ఒకరోజు రోడ్డు మీద కనబడితే గట్టిగా అడిగాను. బాబాయిగారూ, ఇది మీకెలా తోచింది, ఎవరైనా నేర్పారా, అని. ఆయన గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. నీళ్ళ వంతు దగ్గర ఎగువ రైతూ శివారు రైతూ కొట్టుకోవడానికి వచ్చినప్పుడు, తను వాళ్ళని తూము దగ్గరికే తీసుకెళ్ళి నిలబెట్టేవారట. చెప్పేదేదో ఇక్కడ, వాడి ఎదురుగా, నీళ్ళు చూస్తూ చెప్పమనేవారట. "ఎండలో నిలబడి ఎంతసేపు తిట్టుకుంటారండీ? కాళ్ళు లాగుతాయి, దాహం వేస్తుంది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే ఎంతసేపైనా తిట్టొచ్చు" అన్నారు. ఇంకేదో చెబుతారని చూశాను. బస్సు వచ్చింది, ఎక్కేశారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా ఆయన గురించి ఎంత రాసినా సగమే అవుతుంది.

రెండేళ్ళ కిందటి మాట, దాళ్వా, అంటే రెండో పంట రోజులు. మా ఎకరన్నర చేను ఈనిక మీద, వెన్ను తీసే దశలో ఉంది. ఉన్నట్టుండి ఆకు కొసలు ఎర్రబడి మాడడం మొదలైంది. చేలోకి పారే బోదెలో నీళ్ళు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. మా చేనుకి ఆనుకుని మురుగు కాలువ, కాలువకి అవతల ఒక రొయ్యల చెరువు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చిన ఒకతను ఆ చెరువు లీజుకి తీసుకున్నాడు. నాకంటే చిన్నవాడు, మా కొబ్బరితోట వెనకే వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ రోజూ మా ఇంటికొచ్చి, మా పెరట్లో మల్లెమొగ్గలు కోసుకుని, సగం నాకిచ్చి వెళ్ళేది. ఆ అమావాస్య ముందు రోజు పొద్దున్న ఏడింటికి చేను చూడ్డానికి వెళ్ళాను. చెరువుకీ కాలువకీ మధ్య ఉన్న గొట్టం దగ్గర అతను నడుం లోతు నీళ్ళల్లో నిలబడి ఇసుక బస్తా ఎత్తుతున్నాడు. గొట్టంలో నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేం కావాలి? ఫొటో తీశాను.

లస్కరు గారు ఆ వారం కాకినాడలో కూతురి ఇంట్లో ఉన్నారు. ఫోన్ చేసి పద్నాలుగు లైన్లు చదివాను. చెరువులో ఉప్పు నీళ్ళు దొంగచాటుగా కాలువలోకి వదిలి మా చేలు తగలబెడుతున్నాడని. ఆయన మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు. "చూసేరా అండీ, విన్నారా?" కళ్ళారా చూశాను, ఫొటో ఉంది, అన్నాను. పద్నాలుగు లైన్లకీ ఆయ్ పడింది. పది నిమిషాల్లో ఫొటోతో సహా గ్రూపులో ఉంది.

మధ్యాహ్నానికి పాతికమంది పారలు పట్టుకుని చెరువు గట్టు మీద ఉన్నారు. ఉప్పు తగిలింది నా ఒక్కదాని చేనుకే కాదు. గట్టు కొట్టేస్తే చెరువులో ఉన్నదంతా కాలువ పాలవుతుంది. అతను గట్టు మీద నిలబడి, నేను వదల్లేదు, నీళ్ళు రాకుండా అడ్డం వేస్తున్నాను, అంటున్నాడు. ఎవరూ వినలేదు. నేను కూడా వినలేదు. ఫొటో ఉందిగా. వాళ్ళమ్మ గట్టు కింద నిలబడి నావైపు చూస్తోంది, నేను మొహం తిప్పుకున్నాను. ఆ తిప్పుకోవడం నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

ఎవరు కబురు పెట్టారో, తనొచ్చేదాకా పార వేయొద్దని ఫోన్లో చెప్పి, లస్కరు గారు దొరికిన బస్సు పట్టుకుని సాయంత్రం నాలుగింటికల్లా దిగారు. ఇంటికి కూడా వెళ్ళకుండా సంచీతో గట్టు మీదికే వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను మాత్రం ఒకటే అడిగారు, ఫొటో ఎన్నింటికి తీశారని. పొద్దున్న ఏడింటికి, అన్నాను. ఆయన కాసేపు కాలువలోకి చూశారు. తర్వాత అందరికీ వినబడేలా అన్నారు. "గట్టు రేపటికీ ఇక్కడే ఉంటదండి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి అందరూ రండి. వచ్చి చూసేక కొట్టాలనిపిస్తే మొదటి పార నేనే వేస్తాను."

వెళ్ళాం. ఆయన కొబ్బరాకు ఒకటి చీల్చి, చిన్న ముక్క చేసి, కాలువలో వేశారు. అది గోదావరి వైపు వెళ్ళాలి, మురుగు కాలువ పారేది అటే. వెళ్ళలేదు. మెల్లగా వెనక్కి తిరిగి ఎగువకి నడిచింది. గొట్టం ముందుకి రాగానే చెరువు వైపు కొట్టుకుపోయింది. పాతికమందీ ఆ ఆకుముక్కనే చూస్తున్నాం. అమావాస్య పోటు. సముద్రం ఎక్కితే వశిష్ఠ గోదావరి ఎక్కుతుంది, వశిష్ఠ ఎక్కితే ఆ ఉప్పు నీళ్ళు మురుగు కాలువలోకి ఎక్కుతాయి. అవి రాకుండా కాలువ చివర ఉండాల్సిన తలుపు తుప్పు పట్టి సగంలో ఆగిపోయి ఉంది. నీళ్ళు చెరువులోంచి రావడం లేదు, చెరువులోకి వెళ్తున్నాయి. మురుగుతో కలిసిన ఆ నీళ్ళు చెరువులో చేరితే అతని రొయ్యకీ చేటే. అతను ముందు రోజు బస్తాలు ఎత్తింది గొట్టం మూయడానికి, మేం మీద పడేసరికి ఆ పని సగంలో ఆగింది.

నా ఫొటో అబద్ధం కాదు. కానీ ఫొటోలో నీళ్ళు ఎటు పారుతున్నాయో ఎవరికీ తెలియదు. సముద్రం ఒడ్డున పుట్టి, పోటు లెక్క వేలి కొసల మీద ఉండాల్సినదాన్ని, నాకు ఆ ప్రశ్నే రాలేదు.

జనం పారలు భుజాన వేసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే లస్కరు గారు ఆపారు. "ఇందులో నా తప్పే ముందుందండి. నలభై ఏళ్ళు ఈ నీళ్ళతో బతికినోడిని, ఏ వేళప్పుడు తీసేరని అడగాల్సింది నేను. ఫొటో ఉందనగానే చూసినట్టే అనుకున్నాను" అని, చెరువతని వైపు తిరిగి చేతులు జోడించారు. అతను బస్తా మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

ఇంటికొచ్చి దిద్దుబాటు రాశాను. లస్కరు గారికి ఫోన్ చేసి చదివాను. 'నిన్న పెట్టిన ఫొటో విషయంలో పొరబాటు జరిగింది. బాధ కలిగితే క్షమించాలి.' ఆయ్ పడలేదు. మళ్ళీ చదివాను. పడలేదు. నాకు ఉక్రోషం వచ్చింది, తిట్టేమీ లేదు కదా బాబాయిగారూ, అన్నాను.

"తిట్టేం లేదండి. నిన్న ఎన్ని లైన్లు రాసేరు?"

పద్నాలుగు, అన్నాను.

"మరి ఇయ్యాల రెండేనా అండీ?"

ఆ పూట నేను అన్నం తినలేదు. పద్నాలుగు లైన్లు రాయడం ఎంత కష్టమో నిన్న తెలియలేదు, ఇవాళ తెలిసింది. నేనేం చూశాను, ఏం చూశాననుకున్నాను, పోటు సంగతి, తుప్పు పట్టిన తలుపు సంగతి, అతను ఏం చేస్తుండగా నేను ఏమని రాశాను, వాళ్ళమ్మ నిలబడి చూస్తుంటే నేను మొహం తిప్పుకోవడం. 'బాధ కలిగితే' తీసేసి 'బాధ పెట్టాను' అని రాశాను. మొత్తం పదిహేను అయింది. వరసగా ఆయ్ పడింది. తర్వాత ఆయన, "నాది కూడా ఒకటుందండి, వినండి" అని తను చెప్పి కోడలి చేత రాయించినది గుర్తుపెట్టుకుని ఒప్పజెప్పారు. నా తప్పు తన తప్పేనని. నన్ను ఆయ్ అనమన్నారు. నేను అనలేదు కాబట్టి మానేస్తారేమోననుకున్నాను. పెట్టేశారు.

ఆ కాలువ తలుపు గురించి గ్రూపులో ఊరంతా కలిసి రాసి, అందరి సంతకాలతో ఆఫీసుకి పంపాం. ఆ ఏడాది పంట పోయింది గానీ మరుసటి ఏటికి తలుపు మారింది. అయితే చెరువతను నాతో మాట్లాడడం మానేశాడు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు. వాళ్ళమ్మ మల్లెమొగ్గలకి రాలేదు. నేనే రెండుసార్లు కోసి పట్టుకెళ్ళాను, తీసుకుంది, కూర్చోమనలేదు. దిద్దుబాటు ఎంత పెద్దదైనా, ఆ గట్టు మీద పాతికమంది పారలతో నిలబడ్డది వాళ్ళ కళ్ళలోంచి ఎలా పోతుంది? లస్కరు గారితో ఈ మాట అంటే, "తొందరపడకండి. తప్పు మీది, తొందర కూడా మీదేనా?" అన్నారు.

ఆయన పోయిన రోజు వాళ్ళింటికి వెళ్ళాను. జనం పల్చబడ్డాక కోడలి పక్కన కూర్చున్నాను. నా ఆరా ఆ రోజు కూడా ఊరుకోలేదు. ఆఖరి రోజుల్లో చూపు ఎలా ఉండేదమ్మా, మరీ కష్టపడ్డారా, అని అడిగాను. ఆ పిల్ల ఏడ్చిన కళ్ళతోనే నావైపు వింతగా చూసింది.

"చూపుకేమండీ, బంగారంలా ఉండేది. గ్రూపు ఒప్పుకోకముందే శుక్లాల ఆపరేషనైంది కదా. పొద్దున్నే పేపరు మొత్తం చదివేసేవారు, చిన్న ప్రకటనలతో సహా."

నాకు కోపం రావాలి, ఇన్నాళ్ళు ఊరందరినీ బోల్తా కొట్టించినందుకు. నవ్వొచ్చింది. శవం లేచిన ఇంట్లో నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కోడలు కూడా అదే పని చేసింది. ఫోన్ మోగితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారట, మెసేజి అయ్యేదాకా నిలబడే వినేవారట. అదెందుకో తనకీ తెలియదంది.

పెద్దకార్యం అయిన మర్నాడు ఆ పిల్ల మా ఇంటికొచ్చి, గ్రూపు ఇక మీరు చూడాలండి, అంది. నేనా, ఊళ్ళో నాకన్నా పెద్దలు లేరా, నోరున్నదాన్ని, అన్నాను. మామయ్యగారు ఎప్పుడో చెప్పి ఉంచారంది. ఎందుకు ఆవిడే అని తనూ మామగారిని అడిగిందట. "ఈ ఊళ్ళో అందరూ ఎప్పుడో ఒకప్పుడు తప్పు రాసేరు. రాసినంత పొడుగు దిద్దినావిడ ఆవిడొక్కతే" అన్నారట.

అప్పటి నుంచి నేను వింటున్నాను. ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. ఆయ్ అనడం తేలికే, అనకుండా ఊరుకోవడం నావల్ల కావడం లేదు. మధ్యలో సలహా ఇచ్చేస్తాను, నా సంగతీ కలిపేస్తాను. హెడ్ క్లర్కు గారు మొన్న, అమ్మాయిగారూ మెసేజి నాదాండీ మీదాండీ, అని అడిగారు.

మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున్న ఫోన్ మోగింది. చెరువతని నెంబరు. రెండేళ్ళలో ఆ నెంబరు నా ఫోన్లో వెలగలేదు. ఎందుకో లేచి నిలబడ్డాను.

"గ్రూపులో ఒకటి పెట్టాలండి" అన్నాడు. చదవమన్నాను.

"మా వాకిట్లో మోకాలి దాకా నీళ్ళు నిలిచిపోయేయి."

ఆయ్, అన్నాను.

"వాన నీళ్ళు పోయే బోదె మూసుకుపోయింది. తూములో కొబ్బరి డొక్కలు అడ్డం పడ్డాయి."

ఆయ్, అన్నాను. అంటుండగానే మా తోట గుర్తొచ్చింది. పది రోజుల కిందట మా తోటలో కాయ వలిపించాను. డొక్కలు బోదె గట్టున గుట్ట పోయించాను, రేపు తీయించవచ్చులే అని. ఊరి ఫిర్యాదులు వినడంలో పడి ఆ రేపు రాలేదు.

"ఆ తూము ఈ గ్రూపు చూసే ఆవిడ తోట బాట కింద ఉంది."

ఆయ్.

"ఊళ్ళోవాళ్ళ చెరువులకి ఫొటోలు తీసి పెట్టడం తెలిసిన మనిషికి సొంత తూము కనబడలేదు."

అతను ఆగాడు. ఊపిరి వినబడుతోంది. ఇక్కడ నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే అతనే ఆ వాక్యం తీసేస్తాడు, ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతే. ఇది పనిని తిట్టడమా, మనిషిని తిట్టడమా అని ఆలోచించాను. రెండూ అని తేలింది. రెండూ నిజమేనని కూడా తేలింది.

ఆయ్, అన్నాను.

"ఆ ఆఖరి ముక్క తీసేస్తానండి" అన్నాడు. ఉంచండి, చూసి రాసిందే కదా, అన్నాను. పంపాడు. అక్షరం మార్చకుండా గ్రూపులో పెట్టాను, నామీద ఊరంతా చదవబోయే ఫిర్యాదుని నా వేలితోనే. కింద నా జవాబు కూడా పెట్టాను. తూము నాదే, డొక్కలు నావే, ఇప్పుడే వెళ్తున్నాను, అని. అంత తేలికగా ఊపిరి పీల్చుకుని రెండేళ్ళయింది. అతను నాతో మాట్లాడాడు.

వెదురు గెడ ఒకటి తీసుకుని చీర ఎగదోపుకుని బోదెలోకి దిగాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. డొక్కలు, మట్టలు, బురద కలిసి తూము మూతికి బిరడా వేసినట్టున్నాయి. చేతికి వచ్చినన్ని లాగి గట్టు మీద పడేశాను. మిగతావి లోపల ఇరుక్కుని ఉన్నాయి, ఎంత పొడిచినా కదలడం లేదు. బాట మీది నుంచి అతను నడిచి వచ్చాడు, భుజం మీద గెడ. నావైపు చూడలేదు. బాట దాటి, తూము అవతలి మూతి దగ్గర నీళ్ళలోకి దిగాడు. నాకు అతను కనబడడం లేదు, మధ్యలో బాట. గెడ నీళ్ళలో పెట్టిన చప్పుడు మాత్రం వినబడింది. ఈ వైపు నుంచి నేను పొడుస్తున్నాను, ఆ వైపు నుంచి అతను పొడుస్తున్నాడు. ఎంతసేపటికో లోపల, ఆ చీకటి బురదలో, మెత్తగా ఏదో జారి తప్పుకుని, అతని గెడ కొస వచ్చి నా గెడ కొసకి తగిలింది. నేను వెనక్కి తీయలేదు. అటు నుంచి అతను తోస్తున్న బరువు వెదురు వెంట నా రెండు చేతుల్లోకి వస్తుంటే, పట్టుకుని అలాగే నిలబడ్డాను.